సరి అన్న రెండో మనిషి

మా బావ మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అసలు సంగతి చెప్పడం మొదలుపెట్టాక అది నా నోట రాదు. అక్క పెళ్ళినాటికి నాకు పన్నెండేళ్ళు. నన్ను సైకిలు మీద బడికి దింపింది ఆయనే, నాకు చదువు అబ్బదని తేలాక కుట్టుపనిలో చేర్పించింది ఆయనే, కాలనీ బజారులో నా దుకాణానికి గది మాట్లాడిపెట్టి బోర్డు సొంతంగా రాసిందీ ఆయనే. అక్షరాలన్నీ కుడివైపుకి జారిపోయి ఉంటాయి, ఇప్పటికీ అదే బోర్డు. నాకు కోపం ఎక్కువ. "మా మరదలికి కోపం ముక్కు మీదే ఉంటుంది, తుమ్మిందంటే పక్కనున్నవాడి మీద పడుతుంది" అనేవాడు. ఎదురుగా మూతి ముడుచుకుని, లోపలికెళ్ళి నవ్వుకునేదాన్ని.

ఆయన ఏం ఉద్యోగం చేస్తాడో మాకు చాలా ఏళ్ళు సరిగ్గా తెలీదు. తెల్లారి ఐదూ నలభైకి కాలనీ గేటు దగ్గర బస్సెక్కేవాడు. బస్సు కొండవైపు వెళ్ళేది. అక్కడ ఒక ముళ్ళకంచె, దాని వెనక ఇంకో ముళ్ళకంచె, ఆ వెనక నేలలోకి దిగే లిఫ్టు. ఏం చేస్తావు బావా అనడిగితే "గదిలో కూర్చుంటాను" అనేవాడు. "కూర్చుని?" అంటే "లేస్తాను" అనేవాడు. ఊళ్ళకి ఊళ్ళు బూడిద చేసే అణుబాంబులు ఆ కొండ చుట్టుపక్కల ఎక్కడో ఉన్నాయనీ, వాటిని వదిలే తాళంచెవులు ఆ గదిలో ఉంటాయనీ కాలనీలో అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనేవాళ్ళు కాదు. కూరగాయల బండి దగ్గర కూడా "కొండ పని" అంటే చాలు, అర్థమైపోయేది.

మిగతాది ఆయన రిటైరయ్యాకే చెప్పాడు, అదీ పత్రికల్లో ఎవరెవరో రాసేసినంత మేరకే. గదిలో రెండు కుర్చీలు, రెండూ నేలకి బిగించినవే. తాళంచెవులు పెట్టి తిప్పే చోట్లు రెండు, వాటి మధ్య పన్నెండడుగుల దూరం. రెండూ ఒకేసారి తిప్పి పట్టుకుంటేనే ఏదైనా కదులుతుంది, ఒక్క మనిషి ఎంత చేతులు బారజాపినా అందవు. ఆ తాళంచెవులు ఒక ఇనప్పెట్టెలో ఉంటాయి. పెట్టెకి రెండు తాళాలు, ఒకరి తాళం నంబరు రెండోవాళ్ళకి తెలీదు. అదే పెట్టెలో సీలు వేసిన కవర్లు ఉంటాయి. పై నుంచి ఆజ్ఞ వస్తే దాంతోపాటు కొన్ని అక్షరాలొస్తాయి. అవి కవర్లో ఉన్న అక్షరాలతో కలిస్తేనే అది ఆజ్ఞ, లేకపోతే ఎవడో కూసిన కూత. ఇంతా చేస్తే బాంబు లోపల ఇంకో తాళం. దాని నంబరు ఆ గదిలో ఎవరికీ తెలీదు, అదీ పై నుంచే రావాలి. కొన్నిసార్లు వరసగా తప్పు నంబరు కొడితే ఆ బాంబు తనంతట తనే పనికిరాకుండా పోతుంది.

"ఇన్ని తాళాలు శత్రువుకి భయపడా?" అన్నాను.

"శత్రువుకి కాదు, నాకు భయపడి," అన్నాడు. "నాకు పిచ్చెక్కితే. నన్నెవరైనా కొనేస్తే. మీ అక్క మీద కోపమొచ్చి లోకం పోతే పోనీ అనుకుంటే."

అందుకని తాళాల మీద కూడా నమ్మకం పెట్టుకోకుండా మనుషుల్ని మనుషులకి కాపలా పెట్టారు. ఆ గదిలో ఎవరూ ఒక్క నిమిషం ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు, ఒకరి మీద ఒకరు కన్నేసి. ఆ గదిలోకి వెళ్ళే అర్హత ఉన్నవాళ్ళకి చొక్కా ఎడమ జేబు మీద పసుపు పట్టీ ఉంటుంది. ఆ పట్టీలు కుట్టేది నేనే కాబట్టి ఎవరికి వచ్చిందో, ఎవరికి పోయిందో నాకే ముందు తెలిసేది. పట్టీ ఉన్నవాళ్ళు తలనొప్పి మాత్ర వేసుకున్నా చెప్పాలి. నిద్ర పట్టకపోయినా, ఇంట్లో గొడవైనా, అయినవాళ్ళు పోయినా చెప్పాలి. తన గురించి తను చెప్పాలి, జోడీ గురించి కూడా చెప్పాలి. అక్కడ చెప్పడం చాడీ కాదు, దాచడమే నేరం. ఒక్క అబద్ధం రాసినట్టు తేలితే పట్టీ జన్మలో తిరిగి రాదు.

ఈ కాపలా బుద్ధి బావ ఇంటికి కూడా మోసుకొచ్చాడు. ఎవరితో మాట్లాడినా మొహం చూడడు, చేతులు చూస్తాడు. కొత్తకాపురంలో మా అక్క తన ఉంగరం చూసి మురిసిపోతున్నాడనుకుందట పాపం. ఎవరైనా టీ తాగడానికి వస్తే వాళ్ళ చేతుల్నే చూస్తూ కూర్చునేవాడు, వాళ్ళు కప్పులు ఎత్తుకుపోతారేమో అన్నట్టు.

ఆయన జోడీని కాలనీలో అందరూ గడియారం అనేవాళ్ళు. ఆయన గేటు దగ్గరికొచ్చారంటే ఐదూ ముప్పై ఐదు, చూసుకోనక్కర్లేదు. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉండేవారు. బావకన్నా రెండేళ్ళు పెద్ద. బావ ఆయన్ని అన్నా అనేవాడు, ఆయన బావని తమ్ముడూ అనేవారు. పద్నాలుగేళ్ళు ఇద్దరూ ఒకే గది, ఒకే వేళలు. ఒకరు సెలవు పెడితే రెండోవాళ్ళు కూడా పెట్టాల్సిందే. మా అక్క ఆయనకి సవతి అని పేరు పెట్టింది. "ఇవాళ నా సవతికి జలుబట, ఈయనగారు దిగాలుగా ఇంట్లో కూర్చున్నారు" అని ఆయన ఎదురుగానే అనేది. ఆయన సిగ్గుపడిపోయి, "రిటైరవనివ్వమ్మా, నీ మొగుణ్ణి నీకే అప్పగించేస్తా" అనేవారు.

ఇద్దరూ గదిలోకి వెళ్ళగానే చేసే మొదటి పని ఒకటుంది. పెట్టె తెరిచి కవర్ల సీళ్ళు సరిచూడడం. సీలు చెదిరిందంటే లోపలి అక్షరాలు ఎవరో చూసేశారని అర్థం, దొంగ ఆజ్ఞ తయారు చెయ్యగలరని అర్థం. మొదటి మనిషి ఒక్కో కవరు తీసి సీలు మీదున్న ఆరంకెలు పైకి చదవాలి. రెండో మనిషి రిజిస్టరు పట్టుకుని, అందులో ఉన్న అంకెలతో పోల్చి, సరి అనాలి. అప్పుడు రెండో కవరు. ఆ మాటలు రికార్డు చేసే యంత్రం ఉండదు, గదిలో పలికిన అంకెలు ఏ టేపు మీదా బయటికి పోకూడదని. కెమెరా మాత్రం ఉంటుంది, మూగది.

పద్నాలుగేళ్ళు ఆయన చదివారు, బావ సరి అన్నాడు. ఇక్కడే వాళ్ళిద్దరికీ తెలీకుండా ఒక తప్పు అలవాటైపోయింది. చేతుల మీదనుంచి కళ్ళు తియ్యకూడదన్నది బావకి నరనరానా పట్టేసింది కదా, రిజిస్టరు చేతిలో ఉన్నా కళ్ళు మాత్రం అన్న చేతుల మీదే ఉండేవి. అంకెలు కంఠతా వచ్చేవి, అన్న గొంతు ఆగిన చోట ఈయన నోరు సరి అనేసేది. ఇద్దరు ఉండాలని పెట్టిన చోట, చూడబోతే ఒక్కరే ఉన్నారు. అంత నమ్మకం ఆ ఉద్యోగంలో ఉండకూడదు. నా మొగుణ్ణి నేను అంతగా ఎప్పుడూ నమ్మలేదు, అందుకే మా కాపురం బాగానే నడిచింది.

అన్నగారికి ఒక్కడే కొడుకు, పంతొమ్మిదేళ్ళవాడు. ప్యాంట్లు ఇంకా బిగుతుగా కుట్టమని నా దుకాణంలో నిలబడి పోట్లాడేవాడు. "కూర్చుంటే చిరుగుతుందిరా" అంటే "నేను కూర్చోనుగా అత్తా" అనేవాడు. ఒక వానాకాలం మధ్యాహ్నం మోటారుసైకిలు మీద వెళ్తూ లారీ కింద పడ్డాడు. పోలీసులు ఫోన్ చేసి మొదట పేరు చెప్పలేదు. బండి నంబరు చదివి, ఇది మీదేనా అని అడిగారట.

రెండు వారాల సెలవు తర్వాత ఆయన పనిలోకొచ్చారు. డాక్టరు పరీక్ష చేసి, వెళ్ళొచ్చు అని సంతకం పెట్టాడు. నిద్ర పడుతోందా అంటే కొంచెం పడుతోందన్నారట, అది నిజమే. బస్సులో ఆయన బావతో అన్నారు:

"వాడి చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి తమ్ముడూ. తియ్యడానికి చెయ్యి రావట్లేదు. ఆ గదిలో మాత్రం ఏ ఆలోచనా రాదు. అంకెలుంటాయి, నువ్వుంటావు, అంతే. ఈ పని ఒక్కటి లేకపోతే నేనేమైపోతానో నాకు తెలీదు."

బావ ఆయన భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి గురించి కూడా నాకు బోలెడంత కోపముంది.

నాలుగో రోజు. అన్నగారు ఐదో కవరు తీశారు. మొదటి మూడంకెలు సీలు మీద ఉన్నవే చదివారు. చివరి మూడు మాత్రం కొడుకు బండి నంబరులోవి వచ్చేశాయి. గొంతు తడబడలేదు, ఎప్పటి గొంతే. బావ సరి అన్నాడు. ఆయన కవరు పక్కన పెట్టి ఆరోది అందుకున్నారు. అప్పుడు బావ చెవి ఆలస్యంగా మేలుకుంది. "ఆగన్నా, ఐదోది మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివితే సరిగ్గానే ఉంది. సీలు చెదరలేదు, కవరు మారలేదు, ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. కాకపోతే ఒక కవరు రెండుసార్లు తీసినట్టు కెమెరా చూసింది, అలా జరిగితే ఎందుకో కాగితం రాసివ్వాలి.

ఆ కాగితం రాయాల్సింది రెండో మనిషి. బావ అక్కడే కూర్చుని రాశాడు. మొదటి మనిషి ఐదవ సీలు తప్పుగా చదివెను. రెండవ మనిషి గుర్తించి మళ్ళీ చదివించెను. రాసినంత వరకు నిజమే. ఆ రెండు వాక్యాల మధ్య అచ్చులో ఒక చిన్న గడి ఉంది: రెండవ మనిషి మొదట ఏమి పలికెను? అక్కడ సరి అని రాయాలి. బావ ఒక గీత గీశాడు, అడ్డంగా, ఏమీ పలకలేదన్నట్టు.

రూలు ఆయనకి బాగా తెలుసు. మొదటివాడు తప్పు చదివి రెండోవాడు దానికి సరి అంటే, అది జోడీకి పట్టిన తుప్పు. ఇద్దరి పట్టీలూ తీసి, మూడు నెలలు మళ్ళీ తర్ఫీదిచ్చి, వేరే వేరే జోడీలతో తిరిగి పంపిస్తారు. మొదటివాడు ఒక్కడే తప్పు చేసి రెండోవాడు పట్టుకుంటే, అది మొదటివాడి బుర్రలో ఏదో ఉందని లెక్క. అప్పుడు విచారణకి అధికారుల బోర్డు వేస్తారు. పట్టీ తిరిగొస్తుందో రాదో ఆ బోర్డు తేలుస్తుంది.

అంటే ఒక్క మాట రాసి ఉంటే అన్నకి మూడు నెలల్లో తన గది తనకి దొరికేది. బావకి కూడా మూడు నెలలే పోయేవి. "అది తెలిసే గీత గీశావా?" అని నేను అడిగాను, చాలా ఏళ్ళ తర్వాత.

"తెలిసే," అన్నాడు. "పట్టీ లేకుండా కాలనీలో నడవాలంటే భయమేసింది పిల్లా. మూడు నెలలే. అయినా భయమేసింది."

నాలుగు చొక్కాలు మడతపెట్టి తీసుకొచ్చి అన్నగారి భార్య నా దుకాణం బల్ల మీద పెట్టింది. "పట్టీలు విప్పెయ్యమ్మా, బట్ట చిరక్కుండా" అంది. నేను బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపుతుంటే ఆవిడ చూస్తూ నిలబడింది. పట్టీ కింద బట్ట కొత్తగా, ముదురు రంగులో ఉంది, చుట్టూ వెలిసిపోయింది. దాన్ని ఎలా కప్పాలో నాకు తోచలేదు. "విచారణ అయ్యాక మళ్ళీ కుడదాం వదినా, ఇవి పారెయ్యకండి" అని పట్టీలు నాలుగూ కాగితంలో చుట్టి చేతికిచ్చాను.

ఆరువారాలకి బోర్డు కూర్చుంది. ముగ్గురు అధికారులు, ఒక డాక్టరు. అన్నగారిని ఒక కుర్చీలో, బావని ఇంకో కుర్చీలో కూర్చోబెట్టారు. బావ రాసిన కాగితం పైకి చదివి, దీనికి మీరేమంటారు అని అన్నగారిని అడిగారు.

ఆయన కావాలంటే అక్కడ గొడవ చెయ్యొచ్చు. ఈయన సరి అన్నాడు, ఈయన కూడా తప్పే చేశాడు అని గట్టిగా అనొచ్చు. నేనైతే కుర్చీ ఎత్తేదాన్ని. ఆయన మాత్రం చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఇలా అన్నారు:

"నేను తప్పు చదివిన మాట నిజమేనండి. ఇంకో సంగతి కూడా నేనే చెప్పాలి, చెప్పకపోతే దాచినట్టవుతుంది. ఆ రోజు తమ్ముడు సరి అన్నట్టు నాకు వినపడింది. స్పష్టంగా వినపడింది. కాగితం చూస్తే అనలేదని ఉంది. పద్నాలుగేళ్ళలో ఈయన ఒక్క అక్షరం తప్పు రాయడం నేను చూడలేదు. అంచేత లేని మాట నాకు వినపడిందని అర్థమైందండి."

పెద్ద అధికారి బావ వైపు తిరిగి, "మీరు సరి అన్నారా?" అని అడిగాడు.

అన్నగారు కూడా బావ వైపు తిరిగారు. నేరం మోపే చూపు కాదట అది. డాక్టరు నోటి నుంచి జబ్బు పేరు వినడానికి కూర్చున్న మనిషి చూపు. అన్నాను అంటే తన బుర్ర బాగుందని, అనలేదంటే లేదని, అంతవరకే తెలుసుకోవాలని కూర్చున్నారు.

ఆరువారాల కిందట అయితే మూడు నెలలతో పోయేది. ఇప్పుడు నిజం చెబితే కాగితంలో అబద్ధం రాసినట్టు, పట్టీ శాశ్వతంగా పోయినట్టు. బావ ఈ లెక్క వేసుకున్నాడు. ఒప్పుకున్నాడు కూడా, వేసుకున్నానని.

"లేదండి," అన్నాడు.

డాక్టరు రాసుకున్నాడు. లేని మాటలు వినపడుతున్నాయి, స్వయంగా ఒప్పుకున్నాడు, మందులు అవసరం, గది పనికి శాశ్వతంగా అనర్హుడు. అధికారులు అన్నగారి నిజాయితీని మెచ్చుకున్నారట. వాళ్ళలో ఒకాయన లేచి చెయ్యి కూడా కలిపాడట.

ఆ తర్వాత అన్నగారిని దుప్పట్లు, బూట్లు ఇచ్చే గోదాములో వేశారు. గోదాము తీసేది తొమ్మిదికి. అయినా ఆయన ఐదూ ముప్పై ఐదుకి గేటు దగ్గరికొచ్చి, బస్సు వెళ్ళేదాకా నిలబడి, ఇంటికెళ్ళి మళ్ళీ తొమ్మిదికి వచ్చేవారు. బావ బస్సులో అవతలివైపు సీటు చూసుకోవడం మొదలుపెట్టాడు. మా అక్క సవతి మాట మానేసింది. "పాపం ఆయనకి మతి చెదిరిందటే, మీ బావ కనిపెట్టాడు కాబట్టి సరిపోయింది" అని నాతో అంది. నేను నమ్మాను. కాలనీ మొత్తం నమ్మింది. అందరికన్నా ముందు నమ్మింది ఆయనే.

చెవుల మీద నమ్మకం పోయిన మనిషి ఎలా బతుకుతాడో నేను కళ్ళారా చూశాను. ఎవరేమన్నా "ఏమన్నారు?" అని ఒకసారి, "అదేనా అన్నారు?" అని ఇంకోసారి అడిగేవారు. గోదాములో కుర్రకారు ఆయనకి చెవుడనుకుని అరిచి చెప్పేవాళ్ళు. ఆయనకి చెవుడు లేదు, చీమ చిటుక్కుమన్నా వినపడేది, వినపడింది ఉందో లేదో తేలేది కాదు. ఫోన్ మోగితే భార్య వైపు చూసేవారు, ఆవిడ లేస్తేనే అది మోగినట్టు. కొడుకు పిలిచినట్టు కూడా కొన్నిసార్లు వినపడేదట. ఆ మాట ఆయన అందరికీ చెప్పేవారు కాదు, డాక్టరుకి మాత్రం తప్పకుండా చెప్పేవారు. డాక్టరు మాత్ర పెంచేవాడు. కొడుకు పోయిన ఏ తండ్రికి ఆ పిలుపు వినపడదు?

ఒకసారి చొక్కా ఇచ్చి ఎప్పుడు రమ్మంటారని అడిగారు. బుధవారం అన్నాను. జేబులోంచి చిన్న పుస్తకం తీసి బుధవారం అని రాసుకుని, నా ముందుకి తోసి, "ఇక్కడొక సంతకం పెట్టమ్మా, నువ్వే అన్నావని" అన్నారు. దుకాణం నిండా జనం. నాకు విసుగొచ్చేసింది. "ఎన్నిసార్లు చెప్పాలండీ, బుధవారం అన్నాగా" అని గట్టిగా అన్నాను. ఆయన పుస్తకం మూసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. బుధవారం రాలేదు. గురువారం ఆయన భార్య వచ్చి తీసుకెళ్ళింది. ఆ విసురు ఇప్పుడు గుర్తొస్తే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

బావకి కొత్త జోడీ దొరికాడు. ఐదో కవరు సంగతి కొత్తవాళ్ళకి పాఠమైంది: ఒకడి మనసు చెదిరినా రెండోవాడు పట్టుకున్నాడు చూడండి, ఇద్దరుండాలన్న రూలు ఎంత గొప్పదో. పేర్లు చెప్పేవాళ్ళు కాదు, కానీ ఎవరికి తెలీదు. బావకి ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు, అద్దం కట్టి. అక్క హాల్లో పెడదామంటే ఆయన పడగ్గది తలుపు వెనక మేకు కొట్టి తగిలించాడు. వినయం అనుకున్నాం. మనిషి మాత్రం అప్పటి నుంచి చిక్కిపోయాడు. నా కోపం మీద వేళాకోళం మానేశాడు. నేను తుమ్మినా ఏమీ అనేవాడు కాదు.

అలా పన్నెండేళ్ళు గడిచాయి. బావ రిటైరైన మర్నాడు మధ్యాహ్నం తన చొక్కాలు పట్టుకుని దుకాణానికొచ్చాడు, పట్టీలు విప్పడానికి. గిరాకీ లేని వేళ. నా మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని, కుట్లు తెంపుతున్న నా చేతుల్నే చూస్తూ మొత్తం చెప్పాడు. గీత దగ్గర నుంచి లేదండి దాకా. ఎవరో చెప్పమన్నట్టు, ఆగకుండా. నా బ్లేడు ఎక్కడ కోసిందో చూసుకోలేదు, జేబు సగం చిరిగిపోయింది.

"పద," అన్నాను.

"ఎక్కడికి?"

"నీకు తెలీదూ?"

"ఇప్పుడు చెప్పి ఏం లాభం పిల్లా. ఆయన రిటైరయ్యి రెండేళ్ళయింది. గదీ లేదు, పట్టీ లేదు."

"ఆయన ఇంకా మాత్రలు మింగుతున్నారు," అన్నాను. "పన్నెండేళ్ళుగా, నువ్వు అన్న మాట నువ్వు అన్నట్టు వినపడిందని. పోయేది ఏమీ లేదని తేలాక నోరు విప్పావు కదా, ఆ విప్పేదేదో ఆయన ముందు విప్పు. లేకపోతే నా గడప తొక్కకు."

ఆయన్ని బావా అని పిలవడం మొదలెట్టాక అంత మాట ఎప్పుడూ అనలేదు. షట్టరు దించి నేను ముందు నడిచాను. ఆయన వెనక వచ్చాడు.

వాళ్ళది రెండు గదుల ఇల్లు. అన్నగారి భార్య తలుపు తీసి, బావని చూసి, కుర్చీలు లాగింది. అన్నగారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. జుట్టంతా తెల్లబడింది, చొక్కా మడత మాత్రం నలగలేదు. బావని చూడగానే మొహం వికసించింది. "తమ్ముడూ, రిటైరయ్యావటగా" అన్నారు. భార్య వైపు తిరిగి, "తమ్ముడు వచ్చాడు కదూ?" అని అడిగారు. ఆవిడ వచ్చారండి అంది.

బావ కూర్చోలేదు. "అన్నా, ఆ రోజు నేను సరి అన్నాను" అన్నాడు.

ఆయన తల ఒక పక్కకి వంచారు. "ఏమన్నావు?"

"ఐదో కవరు. నువ్వు తప్పు చదివితే నేను సరి అన్నాను. కాగితంలో రాయలేదు. బోర్డులో లేదన్నాను, అది అబద్ధం. నీకు వినపడింది నిజమే అన్నా. నీ చెవులకి ఏమీ కాలేదు. అప్పుడూ కాలేదు, ఇప్పుడూ కాలేదు."

"మళ్ళీ చెప్పు."

బావ మళ్ళీ చెప్పాడు. ఈసారి సగంలోనే కుర్చీ వీపు పట్టుకుని ఏడ్చేశాడు. అన్నగారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది. అన్నగారు మాత్రం కదల్లేదు. వింటున్నారు. బావ ఆగిపోయాక కూడా ఇంకా వింటున్నట్టే కూర్చున్నారు. తర్వాత మెల్లగా నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఇప్పుడు మీ బావ ఏదో అన్నాడు. నాకేం వినపడిందో నేను చెప్పను. నీకేం వినపడిందో నువ్వు చెప్పు."

"సరి అన్నానని అన్నాడండీ," అన్నాను. "ఆ రోజు తను సరి అన్నాడట. మీరు విన్నది నిజమేనట. నేను విన్నాను. ఎన్నిసార్లయినా చెబుతాను. మీ పుస్తకంలో సంతకం పెడతాను, ఇలా ఇవ్వండి."

ఆయన కళ్ళు నా మొహం మీద చాలాసేపు ఉన్నాయి. నమ్మాలని ఉంది ఆయనకి, అది నాకు కనిపించింది. జేబులో పుస్తకం దాకా చెయ్యి వెళ్ళింది కూడా. అక్కడే ఆగిపోయింది.

"నువ్వు ఆయన మరదలివి కదమ్మా," అన్నారు, నన్ను నొప్పించకూడదన్నట్టు మెత్తగా. "ఒకే ఇంటివాళ్ళని జోడీగా వెయ్యరు. వేసినా అది లెక్కలోకి రాదు. నా మీద జాలేసి ఇద్దరూ అనుకుని వచ్చుంటారు. తప్పేం లేదులే. మా ఆవిడా నా ఇంటిదే, తన మాటా లెక్కలోకి రాదు. బయటివాళ్ళు ఎవరైనా విన్నారా, ఉంటే చెప్పు."

బావ కుర్చీ వీపు వదల్లేదు. అన్నగారు గోడ గడియారం చూసి, మూడున్నర అయిందా అని భార్యని అడిగారు. ఆవిడ అయిందండి అంది. మాత్ర వేళయిందని ఆయన లేచి లోపలికి వెళ్ళారు.